దీపము పట్టిన చేయి

వేట పాపమా, వినోదమా యని యెవరైన ఇరువదేండ్ల క్రిందట మమ్మడిగియుండినచో శ్లోకములతో సమాధానము చెప్పియుందుము. ఇప్పుడు కథతో చెప్పవలసియున్నది. కథ పెద్దది కాదు. ఒక రాత్రి, ఒక జీపు, నలుగురు మిత్రులు, ఒక తుపాకి, ఒక దీపము. తుపాకి పట్టినవారము మేము కాము. ఈ మాటను చాలకాలము మాకు మేమే చెప్పుకొని తృప్తిపడితిమి. తుపాకి పట్టనివాడు వేటకాడు కాడను తర్కము మాకు మిక్కిలి రుచించెను. ఆ తర్కమందలి రంధ్రమును చదువరులకు చూపుటకే యీ వ్యాసము.

ముందుగా ఒక మనవి. ఇందు 'మేము' అనగా ఈ వ్రాయునతడొక్కడే. పత్రికలలో వ్రాయువారు తమ్ము బహువచనమున చెప్పుకొనుట ఆచారము. ఒప్పు చెప్పుకొనునపుడు ఆ బహువచనము పెద్దఱికముగను, తప్పు చెప్పుకొనునపుడు చల్లని నీడగను ఉండును. తప్పును నలుగురికి పంచిపెట్టినట్లు తోచును. కావున మిత్రుల మాట వచ్చినచోట మిత్రులనియే వ్రాసెదము. మేమని వ్రాసినచోట నెల్ల చదువరులు మమ్మొక్కరినే పట్టుకొనవలెను.

అది 2004వ సంవత్సరము. మాకు ఇరువదినాలుగేండ్లు. అనంతపురము జిల్లాలో కల్యాణదుర్గమునకు చేరువనున్న యొక పల్లెబడిలో ఉపాధ్యాయులమై చేరి యింకను రెండేండ్లు నిండలేదు. సంస్కృతమును ఆంగ్లమును చదివినవారమని ఊరిలో కొంచెము గౌరవముండెను. ఆ గౌరవమువలన కొంచెము ఒంటరితనమును ఉండెను. సాయంకాలము బడి మూసిన పిమ్మట మాతో మాటలాడువారు తక్కువ. నమస్కరించి తొలగిపోవువారే యెక్కువ. అట్టి దినములలో ఆ యూరి పెద్దయింటి యువకుడొకడు మాతో స్నేహము చేసెను. మంచివాడు. ఎవరింట పెండ్లియైనను, చావైనను ముందు నిలుచువాడు. బడిపిల్లలకు అడుగకయే పుస్తకములు కొనియిచ్చినవాడు. అతని తండ్రికి పంటరక్షణకై ప్రభుత్వమిచ్చిన లైసెన్సుతో పన్నెండు బోరు ఒంటిగొట్టపు తుపాకి యొకటి యుండెను.

శివరాత్రి వెళ్లిన మూడవనాడు అతడు మా గది వాకిటికి వచ్చి, "సార్, ఈ రాత్రి షికారు పోతాండాం. మీరూ రావల్ల. పుస్తకాల్లో వేట చదివింటారు గానీ కండ్లార చూసింటారా?" అనెను.

వద్దనుటకు మా నోటివఱకు మూడు కారణములు వచ్చెను. మఱునాడు పిల్లలకు పరీక్ష యున్నది. రాత్రివేళ తుపాకితో తిరుగుట అపాయము. అన్నిటికంటె ముఖ్యముగా, అది నేరము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము కుందేటిని గాని నక్కను గాని వేటాడరాదని చెప్పుచున్నదని మేమెఱుగనివారము కాము. ఎనిమిదవ తరగతి పిల్లలచేత ఆ విషయముననే వ్యాసము వ్రాయించి, బాగుగ వ్రాసిన బాలికకు బహుమాన మిచ్చిన వారము. ఆ మూడు కారణములలో ఒక్కటియు పెదవి దాటలేదు. ప్రేమతో పిలిచినవానిని కాదనుట యెట్లు? చదివినవాడు పిఱికివాడని యనుకొందురేమో! ఇదియే మన తెలుగిండ్లలో మొగమాటమను పేర చెలామణి యగుచున్న నాణెము. ఒకవైపు స్నేహము ముద్రింపబడి యుండును. రెండవవైపు భయము. మేము మొదటివైపే చూచి జీపెక్కితిమి.

ఎక్కిన పిమ్మట ఊరకుండితిమా? లేదు. మిత్రులను సంతోషపెట్టుటకు మా విద్యనంతయు విప్పితిమి. శాకుంతలము రెండవ అంకమున సేనాపతి దుష్యంతుని యెదుట వేటను పొగడిన తీరును అభినయించితిమి. వేటవలన నడుము సన్నబడుననియు, శరీరము తేలికయగుననియు, కదలు గుఱిని కొట్టుట విలుకానికి పరమోత్కర్షమనియు చెప్పితిమి. కౌటిల్యుడంతటివాడు తన అర్థశాస్త్రమున జూదముకంటె వేట తక్కువ చెడ్డదని తీర్పుచెప్పి, దానివలన వ్యాయామము కలుగునని వ్రాసెనని గంభీరముగ వచించితిమి. మిత్రులు చప్పట్లు కొట్టిరి. ఆ సేనాపతి రాజునకు ఇచ్చకములాడుటకై యట్లనెనని గాని, అదే నాటకమున మొదటి అంకమునందే యొక తపస్వి చేయెత్తి బాణమును ఆపెనని గాని, మనువు వేటను కామమునుండి పుట్టిన పది వ్యసనములలో మొట్టమొదట లెక్కించెనని గాని మేము చెప్పలేదు. మఱచిపోయి కాదు. అది చెప్పవలసిన చోటు జీపు కాదని తోచినది. విద్య యెవని జీపులో కూర్చున్న వానిపాట పాడునని మాకు ఆ రాత్రియే తెలిసినది.

వేరుసెనగ పెఱికిన చేలు ఎఱ్ఱగ బోసిపోయి యుండెను. నెలవంక యెప్పుడో క్రుంకెను. ఊరు దాటిన పిమ్మట మిత్రుడు, "సారుకు లైటియ్యండిరా, గురువు చేతిలో వెలుగుండల్ల" అని నవ్వెను. అందఱును నవ్విరి. మేమును నవ్వితిమి. గురుశబ్దమున మొదటి యక్షరము చీకటిని, రెండవది దానిని పోగొట్టువానిని చెప్పునని పెద్దలు చెప్పు వ్యుత్పత్తి మాకు జ్ఞప్తికి వచ్చి కొంచెము గర్వము కూడ కలిగెను. భుజమునకు బరువైన బ్యాటరీ, చేతికి పెద్ద దీపము వచ్చెను.

ఈ దీపపు వేట యెట్టిదో యెఱుగని చదువరులకు నాలుగు మాటలు చెప్పవలెను. నక్క, కుక్క, పిల్లి, గొఱ్ఱె మొదలగు జంతువుల కంటిలో, వెలుతురును గ్రహించు పొరకు వెనుక అద్దమువంటి మఱియొక పొర యున్నది. లోనికి పోయిన వెలుతురు దానికి తగిలి తిరిగి వచ్చును. కొద్దిపాటి వెలుతురులో చూచుటకు ప్రకృతి వానికిచ్చిన సాధనమది. దీపము దూరమునుండి పడినపుడు దేహము కనబడదు. రెండు నిప్పుకణములు మాత్రము కనబడును. వేటకాడు ఆ రెంటి నడుమకు గుఱిపెట్టును. అనగా అతడు జంతువును చూచి కాల్చుట లేదు. జంతువుయొక్క గుర్తును చూచి కాల్చుచున్నాడు. మనుష్యుని కంటిలో ఆ పొర లేదు. చీకటిలో ఎంత దీపము వేసినను మన కన్ను అట్లు మెఱయదు. ఈ విషయము మేము పుస్తకమున చదివియుంటిమి. దాని యర్థము మాత్రము ఆ రాత్రి రెండు గంటలవఱకు తెలియలేదు.

మొదట దొరకినది కుందేలు. ఆ ప్రాంతమువారు చెవులపిల్లి యందురు. ఆంగ్ల పాఠములు చదువు పిల్లలకు మేము తఱచుగ చెప్పు భేదమొకటి యున్నది. బొఱియ త్రవ్వుకొని గుంపుగ నుండు ఇంగ్లండు కుందేలు వేఱు, మన చేలలోని కుందేలు వేఱు. మనది బొఱియ త్రవ్వదు. గడ్డిలో తన దేహమంత పల్లము చేసికొని పగలెల్ల అందులో నణగి పడియుండును. దాని పిల్లలు పుట్టుకతోనే కన్నులు తెఱచుకొని, వెండ్రుకలతో పుట్టును. అట్టి ప్రాణికి రక్షణ యేమి? పరుగు, అణకువ, ఈ రెండే. దీపము ఆ రెంటిని హరించును. వెలుతురు మొగమున పడగానే అది దిగ్భ్రమజెంది నిలిచిపోయెను. చెవులు మాత్రము నిక్కియుండెను. ముప్పది గజముల దూరమునుండి మిత్రుడు కాల్చెను. తెచ్చి జీపులో వేసినపుడు తూచినచో రెండు కిలోలుండునేమో. అయిదుగురికి పంచిన తలకొక పిడికెడు మాంసము. జీపు త్రాగిన పెట్రోలు వెలతో మఱునాడు అంగడిలో అంతకు నాలుగింతలు కొనవచ్చును. ఈ లెక్క మేము మనస్సులో కట్టితిమి గాని పైకి చెప్పలేదు. అప్పటికే చెప్పకుండుట అలవాటైపోయెను.

రెండవది గుంటనక్క. మన భాషలో నక్కయను పేరు రెండు జంతువులకు చెల్లుచున్నది. సంస్కృతమున జంబుకమనియు, శృగాలమనియు పిలువబడునది పెద్దది, కుక్కయంత యుండును. గుంటనక్క అంతకంటె చాల చిన్నది, రెండు మూడు కిలోలకు మించదు. వంకగట్టున ముండ్లపొద ప్రక్కన దాని కన్నులు మెఱసెను. అది పరుగెత్తలేదు. పోయినట్లే పోయి మఱల వెనుకకు వచ్చి చూచెను. అది యేల వెనుకకు వచ్చెనో ఎవరమును ఆలోచింపలేదు. తుపాకి మ్రోగెను. ఒక మిత్రుడు పరుగున పోయి దానిని తోకపట్టి యెత్తి, "నక్కను తొక్కినాంరా ఈపొద్దు" అని కేకవేసెను. మఱియొకడు దాని తలలో కొమ్ముండునని, దొరకినచో ఇంట ధనము నిలుచునని వెదకసాగెను. అప్పుడు మేము దీపమును దగ్గఱగ పట్టితిమి. కొమ్ము లేదు. పొట్టక్రింద చనుమొనలు తడిసియున్నవి. పాలు.

కొంతసేపు ఎవరును మాటలాడలేదు. "ఆడదని తెలిసింటే కొట్టకపోదును సార్" అని కాల్చిన మిత్రుడు మెల్లగ అనెను. అతడు అబద్ధమాడలేదు. తెలిసియుండినచో కాల్చడు. కాని మా దీపము దానిని తెలుపు దీపము కాదు. అది వెనుకకు వచ్చిన కారణము వంకగట్టులోని బొఱియలో నున్నది. వెదకుదమని యెవరును అనలేదు. మేమును అనలేదు. జీపు కదలెను.

అప్పుడే ఇంటికి మఱలియుండిన ఈ కథ ఇంతతో ముగిసెడిది. మిత్రులలో నొకడు, దిక్కుమాలిన మాటతో రాత్రి ముగియరాదని, ఇంకొక కుందేటిని కొట్టి పోదమనెను. జీపును బాటమీద నిలిపి కాలినడకన చేలలోనికి దిగితిమి. గాలి మా యెదుటినుండి వీచుచుండెను. కొంతదూరము పోగా ఎత్తయిన గట్టుక్రింద రెండు కన్నులు పైకి లేచెను. పచ్చని కన్నులు. "నక్కే" అని యొకడు గొణిగెను. మిత్రుడు తుపాకి యెత్తెను. మేము దీపము నిలిపితిమి.

ఆ కన్నుల ప్రక్కన నల్లని ఱాయివంటి దొకటి మాకు కనబడెను. ఆ ఱాయి కదలినట్లు తోచెను. ఆగుమను మాట మా గొంతువఱకు వచ్చెను. ఱాయి కదలినదనినచో వీరు నవ్వుదురేమో, పంతులు జడిసినాడని రేపు ఊరెల్ల చెప్పుకొందురేమో అని తోచెను. ఇంతయు తోచుటకు పట్టిన కాలము ఒక్క రెప్పపాటు. ఆ రెప్పపాటులో దీపమును ఆర్పవచ్చును. వ్రేలు మీటమీదనే యున్నది. ఆర్పలేదు. తుపాకి మ్రోగెను.

కుక్క అఱపు వినబడెను. వెంటనే, "తాతా!" యని పిల్లవాని కేక.

నల్లని ఱాయి లేచి నిలుచుండెను. అది గొంగళి. గొంగళిలోనుండి పది పండ్రెండేండ్ల బాలుడు బయటికి వచ్చి దీపమువైపు చూచెను. అతని కన్నులు మెఱయలేదు. గట్టుకావలి పల్లమున మంద యుండెను. పంట తీసిన చేలలో రాత్రులు గొఱ్ఱెల మందను నిలుపుట, ఎరువునకై రైతు కాపరికి ధాన్యమో ధనమో ఇచ్చుట ఆ సీమలో పరిపాటి. జీవాలని వారు గొఱ్ఱెలను పిలుతురు. ఆ జీవాలు గట్టుచాటున నుండుటచే వాని కన్నులు మాకు కనబడలేదు. కుక్కయు, దాని ప్రక్క పిల్లవాడును గట్టు కీవల కావలి పండుకొనియుండిరి. కుక్క మొఱుగుటకు ముందొకసారి తలయెత్తి మా దీపమును చూచినది. ఆ చూపే దాని ప్రాణము తీసినది.

బాలుడు చేయి కన్నులకడ్డము పెట్టుకొని కొంచెము సేపు చూచి, "నమస్తే సార్" అనెను.

అతడు మా ఆఱవ తరగతి విద్యార్థి. తఱచుగ బడికి రాడని మేము వారము క్రిందటనే బెంచీమీద నిలువబెట్టిన వాడు. అలవాటుచొప్పున చేయెత్తి నమస్కరించెను. తరువాత కుక్కవైపు చూచెను. తరువాత, "లైటు పట్టింది మీరేనా సార్?" అని యడిగెను. అందు కోపము లేదు. తెలిసికొన గోరి యడిగినాడు. తరగతిలో ఏ ప్రశ్నకును మేమంత తడబడి యుండలేదు.

ముసలి కాపరి గట్టెక్కి వచ్చెను. ముందు పిల్లవానిని తల నుండి కాళ్లవఱకు తడిమెను. గొంగళిని దీపపు వెలుతురున విప్పి చూచెను. అంచున రెండు చిన్న రంధ్రములు, గుండ్లు దూసిన గుర్తులు. వానిలో వ్రేలు పెట్టి చూచి గొంగళిని మడిచెను. మా మిత్రుడు నిజముగనే వణకిపోయి, జేబులోనుండి అయిదువందల రూపాయలు తీసి చాచెను. ముసలివాడు చేయి చాపలేదు. "వద్దు సామీ. కుక్కకు దుడ్డు తీసుకుంటే రేపు పిల్లోనికీ వెల కడతారు" అనెను. అంతకుమించి ఒక్క మాటయు అనలేదు. తిట్టియుండినచో మాకు కొంత మేలుగ నుండెడిది.

మఱునాడు మధ్యాహ్నము కుందేటి మాంసములో మా భాగము గిన్నెలో పెట్టి పంపిరి. దానిని వద్దని త్రిప్పి పంపుటకు కూడ మేము మొగమాటపడి, పుచ్చుకొని, ప్రక్కయింటివారి కిచ్చితిమి. మనుష్యుడు ఒక్క రాత్రిలో మాఱునని కథలలో వ్రాయుదురు. మాకట్లు జరుగలేదని చెప్పుటకే యీ గిన్నె మాట వ్రాసితిమి.

వాల్మీకి రామాయణము అయోధ్యాకాండమున దశరథుడు తన యౌవనమున చేసిన తప్పును కౌసల్యతో చెప్పుకొను ఘట్టమున్నది. సరయూతీరమున చీకటిలో నీటిశబ్దము విని, ఏనుగు త్రాగుచున్నదని బాణము విడిచెను. అది కడవ ముంచుచున్న ముని కుమారునికి తగిలెను. శబ్దమును బట్టి కొట్టగలనను గర్వము ఆ రాజునకు కీర్తి తెచ్చినది, ఆ రాత్రి హత్యయును తెచ్చినది. ఇంతవఱకు అందఱెఱిగినదే. మేము పలుమాఱు పాఠము చెప్పియు గమనింపని దొకటి యున్నది. దశరథుడా మాటను ఆ రాత్రి చెప్పలేదు. రాముడు అడవికి పోయిన పిమ్మట, తాను చనిపోవు రాత్రి చెప్పెను. అన్నియేండ్లును లోపలనే యుంచుకొనెను. దశరథుని చేత దీపమైనను లేదు, చెవిని నమ్మి చెడిపోయెను. మా చేత దీపముండెను. కన్నులు చూచుచుండగనే చెడిపోతిమి. ఎవరి తప్పు పెద్దదో చదువరులే నిర్ణయింతురు గాక.

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లని సామెత. వేటవారి వాదమునకు కూడ మూడే కాళ్లు. మొదటిది, పంటకు చేటు తప్పించుచున్నామని. గుంటనక్క ఆహారము ఎలుకలు, మిడుతలు, చెదలు, ఎండ్రకాయలు, రాలిన పండ్లు. వేరుసెనగ చేనికి ఎలుక చేయు నష్టము రైతునడిగిన తెలియును. ఆ ఎలుకను జీతము లేక పట్టు సేవకుని చంపి పంటరక్షణ యనుట వింత. పెద్దనక్క అప్పుడప్పుడు గొఱ్ఱెపిల్లను ఎత్తుకొనిపోవును, దోసకాయలు కొఱుకును, కాదనము. కాని అదియు ఎలుకలను తినును, రేగుపండ్లు తిని గింజలను బీళ్లలో చల్లును. గొఱ్ఱెపిల్లను కాచునది కుక్క, కంచె. ఆ రాత్రి నిజముగ మందను కాచుచున్న ప్రాణిని మేమే చంపితిమి.

రెండవకాలు, మాంసము. దాని లెక్క పైన చెప్పితిమి. మూడవకాలు, అదృష్టము. నక్క మొగము చూచినవాని పంట పండుననుట, నక్క కొమ్ము ఇంటనుండిన లక్ష్మి నిలుచుననుట. నక్కకు కొమ్ము లేదు. జంతుశాస్త్ర మెఱిగిన ఏ బాలుడైనను ఈ మాట చెప్పగలడు. ఎముకముక్కకు చర్మము, వెండ్రుకలు అతికించి కొమ్మని యమ్ముచుందురు. దాని కొఱకు ప్రాణులు చచ్చుచున్నవి. పూజగదిలో అట్టిది పెట్టుకొన్న గృహములుండినచో, గృహిణులారా, అది యేమియో విప్పి చూడుడు. అదృష్టమునకు మాఱుగ ఒక చచ్చిన జంతువు దొరకును.

నాలుగవకాలు వేటవారి వాదమునకు లేదు. అది, మనము దేనిని చంపుచున్నామో మనకు తెలియుట. తెలిసినచో ఆ మిత్రుడు పాలిచ్చు తల్లిని చంపెడివాడు కాడు. కుక్కను చంపెడివాడు కాడు. అతడు క్రూరుడు కాడని మేమిప్పటికిని సాక్ష్యమిత్తుము. చీకటియు, దీపమును, తుపాకియు ఒకచోట చేరినపుడు మంచివానికిని క్రూరునికిని భేదముండదు. ఆ దీపము జంతువును చూపును, మనిషిని దాచును. నేడు చేతి దీపములకు ప్రకాశము పెరిగినది గాని ఆ గుణము మాఱలేదు. అంతకంటె ఘోరమైనది మఱియొకటి వచ్చినది. అడవిపందులకని, కుందేళ్లకని రాత్రివేళ చేలలో విద్యుత్తీగలు పఱచుచున్నారు. ఆ తీగకు కాపలా లేదు, కన్ను లేదు, రెప్పపాటు సంశయమును లేదు. నీరు కట్టుటకు పోయిన రైతులు, మేతకు పోయిన పశువులు, చిఱుతపులులు దానికి తగిలి పడిపోయిన వార్తలను తెలుగు పత్రికలు చదువువారు ఎన్నిమాఱులో చూచియుందురు. తీగ కట్టినవాడు కూడ మా మిత్రునివలెనే, "తెలిసింటే కట్టకపోదును" అనును.

ఆంగ్లమున అడిసను, స్టీలు నడపిన స్పెక్టేటరు పత్రికలో 1711లో బడ్జెలు వ్రాసిన యొక వ్యాసమున్నది. అందు సర్ రోజరు అను ముదుసలి జమీందారు వేటకుక్కలతో కుందేటిని తఱిమి, అది సొమ్మసిల్లి పడగా కుక్కలనుండి తప్పించి, తన పండ్లతోటలో విడిచిపెట్టును. బాల్యమున దానిని చదివి నవ్వుకొంటిమి. చంపనివాడు వేటకేల పోయెనని. ఇప్పుడు నవ్వురాదు. అతనికి ఆగుమని చెప్పుట తెలిసియుండెను.

సంస్కారమును కోరువారమని చెప్పుకొను మనలో తుపాకి పట్టువారు తక్కువ. దీపము పట్టువారు మెండు. కట్నము మేము పుచ్చుకొనము, కాని పుచ్చుకొను పెండ్లికి ముందువరుసలో కూర్చుండి అక్షతలు వేయుదుము. పనిపిల్లను మేము కొట్టము, కాని కొట్టినవారింట కాఫీ త్రాగుచు ఆ పిల్లచేతి వాతను చూడనట్లుందుము. మొగమాటమని దానికి పేరు పెట్టి, అది సౌజన్యములో నొక భాగమని పిల్లలకు నేర్పుచున్నాము. వద్దనుటకు వీరుడు కానక్కఱలేదు. ఆ రాత్రి మా చేయవలసిన పని ఒక్క మీట నొక్కుటయే.

పదిదినములైన పిమ్మట, బాలుడు బడికి రాకుండుట చూచి, వారి గుడిసెకు పోతిమి. ఏమి చెప్పవలెనో దారిపొడుగున సంస్కృతమున, తెలుగున కూర్చుకొంటిమి. ముసలివాడు మంచము వాల్చి కూర్చుండుమనెను. "తప్పు మాది" అని మాత్రము అనగలిగితిమి. అతడు నేలచూపు చూచుచు కొంతసేపుండి, "కుక్క లేదు గదా సార్, పిల్లోడే మందకాడ ఉండాల్సి వస్తాంది. పేరు కొట్టేయాకండి. కొత్త కుక్క పెద్దదయినాంక పంపిస్తా" అనెను. మా తుపాకి దేనిని కొట్టినదో మాకప్పుడు పూర్తిగ తెలిసినది. ఆ కుక్క చేయుచున్న పని పిల్లవాని మీద పడినది. ఆ పిల్లవాని చదువు మీద పడినది. బడికి రాడని బెంచీమీద నిలువబెట్టిన పంతులే అతనిని బడి మాన్పించెను.

పేరు కొట్టివేయలేదు. సాయంకాలములు మందకడకే పోయి రెండు మాసములు పాఠము చెప్పితిమి. ఇది మా గొప్పకు వ్రాయుట లేదు. అప్పు తీర్చినవాడు దాత కాడు. మిత్రుడు తరువాత ఎన్నడును వేటకు పిలువలేదు. ఒకమాఱు తానుగ వచ్చి, "ఆపొద్దు మీరు ఒద్దనింటే ఆగుందును సార్" అనెను. అదియే మమ్మిన్నియేండ్లు బాధించిన మాట. మేము వద్దనినచో నవ్వుదురనుకొంటిమి. ఆగియుండెడివాడట.

ఆ బాలుడు పదవ తరగతి గెలిచెను. ఇప్పుడు ముప్పదియేండ్లు దాటినవాడు. మా జిల్లాలోనే బస్సు నడుపుచున్నాడు. కనబడినప్పుడెల్ల చక్రము మీదినుండి ఒక చేయెత్తి, "నమస్తే సార్" అనును. ఆ రాత్రి మాట అతడెన్నడును ఎత్తలేదు. దీపము పట్టినది మీరేనాయని నాడడిగిన ప్రశ్నకు మేమును సమాధానము చెప్పలేదు.

మేమే.